కరుణశ్రీ ఆంటీ తమిళం

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, జిరాక్సు షాపుల వరస దాటాక, మూడంతస్తుల పాత మేడలో మా లేడీస్ హాస్టల్ ఉంది. భీమవరం నుంచి సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చి అందులో చేరాను. ఉద్యోగం వచ్చాక నా తోటివాళ్ళంతా కొండాపూర్ వైపు వెళ్ళిపోయారు. నేను మాత్రం కదల్లేదు. ఎందుకని అడిగినవాళ్ళకి మెట్రో దగ్గరని చెప్పేదాన్ని. అసలు సంగతి, మా వార్డెన్ కరుణశ్రీ ఆంటీని వదిలి వెళ్ళబుద్ధి కాలేదు.

ఆంటీకి యాభై దాటాయి. పొట్టి మనిషి. గంజి పెట్టిన కాటన్ చీర, వదులుగా వేలాడే వాచీ, మెట్ల మీద వస్తుంటేనే వినిపించే గొంతు. నీళ్ళ ట్యాంకర్ అబ్బాయి దగ్గర్నుంచి అద్దెకిచ్చిన ఓనరు దాకా ఆ గొంతుకి జడిసేవాళ్ళు. కానీ మధ్యాహ్నం అమ్మాయిలంతా క్లాసులకి వెళ్ళిపోయాక వంటింట్లోకి తొంగి చూస్తే వేరే మనిషి కనిపించేది. ఫోన్‌ని చింతపండు డబ్బాకి ఆనించి, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తమిళ సినిమా చూస్తుండేది. ఏడుపు సీను వస్తే ఈనెలు గిన్నెలోనూ, కాయలు చెత్తబుట్టలోనూ పడేవి.

ఆంటీది గూడూరు. వాళ్ళ నాన్న మిషన్ బళ్ళో పంతులు. ఆ రోజుల్లో అక్కడ పొడుగాటి గడకి యాంటెన్నా కడితే మద్రాసు దూరదర్శన్ అందేదట. వీళ్ళింట్లో సినిమాలు నిషేధం. అందుకని పక్కింటివాళ్ళ కిటికీ దగ్గర నిలబడి చూసేది. ఇంట్లో తమిళం ముక్క వచ్చినవాళ్ళు లేరు. మొహాలు చూసి, ఏడుపులు చూసి, ఎవరు ఎవరిమీద అరుస్తున్నారో చూసి భాష పట్టుకుంది. "నాకు ముందు కోపం అర్థమైంది, తర్వాత ప్రేమ అర్థమైంది, మాటలు ఆ తర్వాత వచ్చాయి" అని చెప్పేది. తెలుగులోకి మార్చిన సినిమాలంటే ఆవిడకి గిట్టదు. మొహం ఒకళ్ళదీ గొంతు ఒకళ్ళదీ అయితే కడుపు నిండదట. పంజాగుట్టలో మాల్ మీద సినిమా హాల్లో అప్పుడప్పుడూ అసలు తమిళం ఒక ఉదయం ఆట వేస్తారు. ఆ రోజు హాస్టల్లో ఉప్మాయే టిఫిను.

ఆంటీ భర్త జెరెమియా అంకుల్‌ది మెదక్ దగ్గర పల్లె. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. అమీర్‌పేట, పంజాగుట్ట, మాసబ్ ట్యాంక్ మధ్య ఎక్కడ ఏ గుంత ఉందో కాళ్ళకే తెలుసు ఆయనకి. రిటైరైన రోజున ఇంటికొచ్చి, ఇంక జన్మలో స్టీరింగ్ పట్టనని చెప్పి, నిజంగానే పట్టలేదు. ఆంటీ తమిళ పిచ్చి అంటే ఆయనకి రోజూ ఒక వేడుక. అన్నం వడ్డిస్తూ ఆవిడ ఏ తమిళ మాట అన్నా, ఆయన దాన్ని తిప్పి అర్థం లేని శబ్దాలు చేసి అమ్మాయిల్ని నవ్వించేవాడు.

ఆయన నడపనంటే ఆంటీ నేర్చుకుంది. అమీర్‌పేట డ్రైవింగ్ స్కూల్లో పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య నిలబడి నేర్చుకుని, పాత ఆల్టో ఒకటి కొనిపించింది. ఊరు తిరగడానికి కాదు. ఆవిడ చూసే సినిమాల్లో ఒక ముక్క ఉంటుందట. మనుషులు పెద్ద గొడవ ఏదో పడి, ఏమీ మాట్లాడుకోకుండా పొలాల మధ్య రోడ్డున కార్లో అలా వెళుతుంటారు, పాట కూడా ఉండదు, గాలి చప్పుడే. చిన్నప్పటినుంచీ ఆవిడకి కావలసింది అదే. "గొడవ లేకుండా ఆ రోడ్డు మాత్రం నాకిస్తే చాలు ప్రభువా అనుకునేదాన్ని" అని ఒకసారి నాతో అంది.

అలా నెలకో రెండు నెలలకో ఒక శనివారం, వంట పనిమనిషి లచ్చమ్మకి అప్పగించి, వాళ్ళిద్దరూ బయల్దేరేవాళ్ళు. వెనక సీట్లో నేను. కార్లో పాటలు పెట్టకూడదు. అద్దాలు దించాలి. ఊరు దాటాక అవసరమైతే తప్ప మాట్లాడకూడదు. పక్కసీట్లో అంకుల్ ఒక్క మాట అనేవాడు కాదు కానీ, ఎదురుగా బర్రె కనిపిస్తే చాలు, ఆయన కుడికాలు అక్కడ లేని బ్రేకుని తొక్కేది.

ఆ నవంబరు శనివారం చేవెళ్ళ మీదుగా వికారాబాద్ దాటి, తాండూరు వైపు పెద్ద రోడ్డు వదిలి, ఒక చిన్న రోడ్డు పట్టుకున్నాం. రెండువైపులా కంది చేలు పసుపు పూత మీద ఉన్నాయి. చాలాసేపు మనిషి అనేవాడు ఎదురు కాలేదు. ఆంటీ మొహంలో చర్చిలో కూర్చున్నప్పటి ప్రశాంతత వచ్చింది.

ఒక మలుపు తిరిగేసరికి పక్కకి ఒరిగినట్టు నిలబడిపోయిన లారీ కనిపించింది. నాపరాళ్ళ లోడు. తమిళనాడు నంబరు. వేపచెట్టు నీడలో లుంగీ కట్టుకున్న మనిషి ఒకడు, నలభై ఏళ్ళుంటాయి, ఖాళీ నీళ్ళ క్యాను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ముందద్దం మీద రాసిన తమిళ అక్షరాలు చూడగానే ఆంటీ బ్రేకు వేసింది. అంకుల్ కాలు కూడా అప్పుడే వేసింది.

ఆంటీ దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నేరుగా అతని ముందుకు వెళ్ళి నిలబడి అడిగింది.

"యారుడా నీ?"

ఎవడ్రా నువ్వు అని. సినిమాల్లో కొత్తవాణ్ణి చూడగానే అందరూ అడిగే మాట అదే కదా మరి. ఆ మనిషి ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. నన్నూ, అంకుల్‌నీ, మళ్ళీ ఆంటీనీ చూశాడు. ఆంటీ మొహం నిండా నవ్వు. కొట్టడానికి వచ్చినవాళ్ళు అలా నవ్వరని తేల్చుకున్నట్టున్నాడు. చేతులు జోడించి, తన పేరు తంగవేల్ అని, ఊరు నామక్కల్ దగ్గరని, నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి తమిళంలో చెప్పాడు.

ఆంటీ మాకు తెలుగులో చెబుతూ వచ్చింది. నిన్న మధ్యాహ్నం లారీ కింద ఏదో విరిగింది. రెండో డ్రైవరు కొత్త సామాను తేవడానికి బస్సెక్కి తాండూరు వెళ్ళాడు. లోడు వదిలి ఇతను కదల్లేడు. ఫోను చచ్చిపోయింది. నీళ్ళు అయిపోయాయి. సగం ఆంటీకి అర్థమైంది, మిగతా సగం లారీని చూసి ఎవరికైనా అర్థమవుతుంది. అయినా ఆవిడ ఒక్కో ముక్కా పండగలా చెబుతోంది. పుట్టి బుద్ధెరిగాక తమిళంలో తను మాట్లాడితే, తిరిగి తమిళంలో బదులిచ్చిన మొదటి మనిషి అతను.

"కవలపడాదే, నాన్ ఇరుక్కేన్" అని అతని భుజం తట్టింది. దిగులుపడకు, నేనున్నాను అని. సినిమాల్లో అది హీరో అనే మాట. తంగవేల్ తల దించుకుని చాలా సీరియస్‌గా సరేనన్నాడు.

మేం తెచ్చుకున్న పులిహోర, కోడి వేపుడు విప్పి ముందు అతనికే పెట్టింది. అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని అడుగుతూనే ఉంది. పెళ్ళయిందా, పిల్లలెందరు, వాళ్ళ ఊళ్ళో వాన పడిందా. మధ్యమధ్య మాట దొరక్క సినిమాలోంచి ఏదో ఒకటి తెచ్చి అతికించేది. వాళ్ళమ్మ బాగుందా అని అడగబోయి, మీ అమ్మ మీద ఒట్టు అనేసిందని తర్వాత తెలిసింది. తంగవేల్ ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆవిడ మాట కోసం తడుముకుంటే ముద్ద చేతిలో పట్టుకుని ఆగేవాడు.

అంకుల్ ఫోను తీసుకుని అతను రెండో డ్రైవరుతో మాట్లాడాడు. సామాను దొరికింది, ఇంకో గంటలో వస్తాడు. ఆంటీ మిగిలిన నీళ్ళసీసాలు కారులోంచి తేవడానికి వెళ్ళింది. అప్పుడు తంగవేల్ అంకుల్ వైపు తిరిగి, తాండూరు తెలుగులో, యాస కూడా తప్పకుండా అన్నాడు.

"అన్నా, పదేండ్ల సంది ఈడికి వస్తున్న. తెలుగు మంచిగనే వస్తది నాకు. అక్క అంత ఖుషీగ మాట్లాడుతుంటె ఆపబుద్ధి కాలె. మీరు ఏమనుకోకుండ్రి."

నాకు నవ్వు వస్తుందేమోనని భయమేసింది, కానీ రాలేదు. అంకుల్ అతని చెయ్యి పట్టుకుని, "మంచిపని చేసినవ్ తమ్మీ" అన్నాడు. అంతే. ఆంటీ సీసాలతో తిరిగొచ్చేసరికి తంగవేల్ అంకుల్ నంబరు అడిగి రాసుకుని, మళ్ళీ తమిళంలోకి వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో ఆంటీ తన నియమం తనే మర్చిపోయి మాట్లాడుతూనే ఉంది. "ఇన్నేళ్ళు వెక్కిరించారు కదండీ. ఇవాళ నా తమిళమే లేకపోతే ఆ అబ్బాయి గతి ఏంటి?"

అంకుల్ కిటికీలోంచి కందిచేల వైపు చూస్తూ, "నిజమే. మస్తు కష్టమైతుండె" అన్నాడు. ఎదురుగా వస్తున్న ట్రాక్టర్ని చూసి కూడా ఆయన కాలు కదల్లేదు.

మర్నాడు టిఫిన్ దగ్గర ఆ కథ హాస్టలంతా విన్నది. ఆ తర్వాత పాలవాడు విన్నాడు, చర్చిలో పాస్టరమ్మ విన్నది. చెప్పిన ప్రతిసారీ లారీ కొంచెం ఎక్కువ ఒరిగేది. అంకుల్ పక్కనే కూర్చుని తలూపేవాడు. అన్నం దగ్గర ఆ శబ్దాలు చెయ్యడం మానేశాడు. అమ్మాయిలు అడిగినా చెయ్యలేదు.

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం ఆంటీ అచ్చుతో గులాబీ పువ్వుల పిండివంట చేస్తోంది. నేను పక్కన పిండి కలుపుతున్నాను. వరండాలో అంకుల్ ఫోను మోగింది. ఏళ్ళ తరబడి ఇంజను పక్కన కూర్చుని ఆయనకి చెవులు మందగించాయి, ఎవరితో మాట్లాడినా స్పీకరు పెడతాడు. "అన్నా, తంగవేల్‌ని మాట్లాడుతున్న. అక్క మంచిగున్నదా? పండుగ పనులు నడుస్తున్నయా?" అన్న గొంతు వంటింటిదాకా స్పష్టంగా వినిపించింది.

ఆంటీ చేతిలో అచ్చు నూనె మీద ఆగిపోయింది. నేను పిండి గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాను. ఆవిడ పొయ్యి ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుని, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఇద్దరూ నవ్వుకున్నారా లేఖా?"

లేదాంటీ, ఒక్కసారి కూడా నవ్వుకోలేదు అన్నాను. మీరు సంతోషంగా ఉన్నారని అతను ఊరుకున్నాడు, అంకుల్ కూడా అందుకే ఊరుకున్నారు అని చెప్పాను. ఆవిడ ముక్కు ఎర్రబడింది. ఊరందరికీ చెప్పుకున్న కథ కదా, తలవంపులుగా ఉన్నట్టుంది. తర్వాత వరండాలోకి నడిచి, బెల్లం దొంగలా లేచి నిలబడ్డ అంకుల్ చేతిలోంచి ఫోను తీసుకుంది. తమిళంలో చాలాసేపు మాట్లాడింది. అవతల మొదట క్షమించమని బతిమాలడం, తర్వాత నవ్వు.

ఏమన్నారని తర్వాత అడిగాను. "తెలుగు మాట్లాడే తమ్ముళ్ళు నాకు ఊరంతా ఉన్నారు, నువ్వు తమిళంలోనే మాట్లాడు, కాకపోతే నా తప్పులు దాచకుండా చెప్పు అన్నాను" అంది. మొట్టమొదటి తప్పు అతను అప్పుడే చెప్పాడు. కొత్తవాళ్ళని యారుడా అని అడగకూడదట. అది చెబుతూ ఆంటీ కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. అంకుల్‌తో మాత్రం ఆ రోజంతా మాట్లాడలేదు. రాత్రి అన్నంలో ఆయనకి రెండో కోడిగుడ్డు వేసింది.

అప్పట్నుంచీ ఆదివారం చర్చి నుంచి వచ్చాక తంగవేల్‌తో పది నిమిషాలు తమిళం నడుస్తుంది. అతను ఎక్కడో దాబాలో ఉంటాడు, హారన్ల మధ్య. వండిన కూరల పేర్లు, జబ్బుల పేర్లు, సినిమాల్లో ఎవరూ అనని మామూలు మాటలు ఆవిడ ఇప్పుడు నేర్చుకుంటోంది.

మొన్న వేసవిలో తంగవేల్ లోడు దించడానికి హైదరాబాద్ వచ్చాడు. ఆటోనగర్‌లో లారీ పెట్టి, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అమీర్‌పేటలో దిగాడు. ఆంటీ అతనికి ముందే టికెట్ తీసి ఉంచింది. పంజాగుట్టలో ఉదయం ఆట, అసలు తమిళం. నలుగురం వెళ్ళాం. పక్కన ఒక తమిళుణ్ణి కూర్చోబెట్టుకుని తమిళ సినిమా చూడటం ఆవిడకి అదే మొదలు. ముందురోజు నుంచీ కాలు ఒక చోట నిలవలేదు.

పేర్లు పడటం అయ్యిందో లేదో, ఆ ఏసీ చల్లదనానికి తంగవేల్ నిద్రపోయాడు. తల వెనక్కి వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, గాఢంగా. ఇంటర్వెల్లో లైట్లు వేసినా లేవలేదు. నేను లేపబోతే అంకుల్ ఆపాడు.

"పండుకోనియ్యమ్మా, శానా దూరం నడుపుకుంట వచ్చిండు."

ఆంటీ తన కొంగు తీసి అతని మెడ దగ్గర గాలి తగలకుండా కప్పి, మిగతా సినిమా అలాగే వంగి కూర్చుని చూసింది. ఆట అయ్యాక కింద టీ కొట్టు దగ్గర అతను సిగ్గుపడిపోయాడు. అంత దూరం పిలిచి చూపిస్తే నిద్రపోయానని ఆంటీతో తమిళంలో ఒకటే నొచ్చుకున్నాడు. ఆంటీ అతని చేతికి టీ గ్లాసు ఇచ్చి, మెట్రో స్తంభం నీడలోకి జరిగి, సినిమా కథ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. తమిళంలోనే. మధ్యలో రెండుసార్లు అతను మాట సరిదిద్దాడు. ఆవిడ సరిచేసుకుని ముందుకు పోయింది. అంకుల్ రెండో టీ చెప్పాడు.