పెళ్ళిచూపుల్లో కండ్లకలక

కండ్లకలక వచ్చినవాడి ముఖం చూస్తే చాలు, చూసినవాళ్ళకూ అంటుకుంటుందని ఆ రోజుల్లో అందరం గట్టిగా నమ్మేవాళ్ళం. నల్లద్దాలతో ఎవరైనా ఎదురైతే పలకరింపులన్నీ వాళ్ళ పాదాల వైపు చూసే సాగేవి. నేనప్పుడు దుమ్ముగూడెంలో కొత్తగా చేరిన గుమాస్తాను. ఉద్యోగం ఉందిగాని పిల్లనిచ్చేవాళ్ళు లేరు. 'ఆ అడవిలకు మా బిడ్డను తోలం' అంటూ వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోయాయి. చివరికి నేలకొండపల్లిలో ఒకరు ఆదివారం రమ్మన్నారు. మేము రాకపోతే సోమవారం మధిర వాళ్ళు వస్తారని కూడా చెప్పి పంపారు. సరిగ్గా ఆ శుక్రవారం పొద్దున లేచి కళ్ళు తెరవబోతే, రెప్పలు జిగురుతో అంటించినట్టు విడిపోనే లేదు!

తడిగుడ్డతో రెప్పలు విడదీసుకుని భద్రాచలం దవాఖానాకు పరుగెత్తాను. డాక్టరు గారు పచ్చటి పుసి చూసి, ఇది బ్యాక్టీరియా పని, యాంటీబయాటిక్ చుక్కలతో తగ్గుతుందని ధైర్యం చెప్పారు. రెండు గంటలకోసారి వేసుకోవాలి, సీసా మూతి కంటికి తగలకూడదు, మరొకరికి ఇవ్వకూడదు, ఎరుపు తగ్గిందని మధ్యలో మానకూడదు. వేళ ప్రకారం బతకడమంటే నాకు మహా సరదా (డైరీ రాసేవాడికి ఇంతకంటే ఏం సరదాలుంటాయి). చిక్కల్లా ఒకటే. చుక్క పడబోతుందనగానే నా రెప్ప దానంతటదే మూసుకుపోయేది. అందుకని పెద్దమనిషిగా వస్తున్న మా మేనమామకే ఆ పని కూడా అప్పగించాను.

ఆదివారం బస్సు అడవి దారిలో ఉండగా చుక్కల వేళయింది. గుంతల్లో నా కన్ను ఎక్కడుందో తెలియడం లేదని మామ చేతులెత్తేశాడు. నేను కండక్టరును బతిమాలి బస్సు ఆపించాను. బస్సులోని జనమంతా ఒక్కసారిగా కిటికీల్లోంచి టేకుచెట్లను చూడసాగారు. అడవిని అంత శ్రద్ధగా చూసిన ప్రయాణికుల్ని నేను మళ్ళీ చూడలేదు.

పిల్లవాళ్ళింట్లోనూ అదే తంతు. చూపులకని పిలిచిన ఇంట్లో నన్ను చూసేవాళ్ళే లేరు! పిల్ల తండ్రి నా పాదాలతో జీతం గురించి మాట్లాడాడు. నాయనమ్మ గోడను అడిగి మా గోత్రం తెలుసుకుంది. పిల్ల తల వంచుకుని వచ్చి చాప మీద కూర్చుంది. అంతలో గోడగడియారం గంట కొట్టింది. నేను నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి మామను మోచేత్తో పొడిచాను. అంతమంది ముందు ఆయన చెయ్యి వణికింది. మొదటి చుక్క ముక్కు మీద, రెండోది మీసం మీద, మూడోది మిక్చర్ ప్లేటులో పడ్డాయి. నేను అద్దాలు మళ్ళీ దించుకున్నాను. సంబంధం మధిర వైపు నడిచిపోతున్నట్టే అనిపించింది.

చాప మీది పిల్ల లేచి, చేతులు కడుక్కొచ్చి, మామ దగ్గర సీసా అందుకుంది.

"ఏందే, అంటుకుంటది. అటు చూడకు," అంది నాయనమ్మ.

"చూడకుండ కంట్లె ఎట్ల పోస్తరు నాయనమ్మా?"

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది.

"అద్దాలు తీసి పైకి చూడుండ్రి," అంది.

చూశాను. పెంకులు, దూలం, దూలం మీదో బల్లి. కింది రెప్పను ఒక వేలు మెల్లగా లాగింది. చుక్క సరిగ్గా లోపల పడింది. రెండో కంట్లోనూ అంతే.

"నేను చెప్పెదాక తెరవకుండ్రి."

ఆ తర్వాత ఆమె చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయిందట. చెప్పడం మరిచిపోయింది. నేను మాత్రం కదల్లేదు. కాఫీ వచ్చింది, చల్లారింది. చివరికి మామ భుజం తట్టి లేపాడు.

తిరుగు బస్సులో పిల్ల ఎట్లుందని అడిగాడు.

"చెయ్యి వణకదు మామా," అన్నాను. తనను ఎత్తిపొడిచాననుకుని ఆయన లేచి వెళ్ళి ఖమ్మం దాకా వెనక సీట్లో కూర్చున్నాడు.

వారం తిరక్కముందే సంబంధం తెచ్చిన మధ్యవర్తి పరుగున వచ్చాడు. మధిర వాళ్ళను వద్దందట పిల్ల. కారణమడిగితే, "తెరవద్దంటే తెరవలే. గట్ల చెప్పిన మాట వినే మనిషి మల్ల దొరుకుతడా?" అందట.

ఆ ఇంట్లో కళ్ళు గట్టిగా మూసుకుని, చల్లారిన కాఫీ ముందు నిటారుగా కూర్చున్న ఆ కుర్రవాడు నాకిప్పుడు స్పష్టంగా కనిపిస్తాడు. వెళ్ళి వాడి భుజం తట్టి, ఇక తెరవవచ్చని చెబుదామనిపిస్తుంది. కానీ వాడు నా మాట వినడు.