ఉప్పుచేప తిన్న పందిపిల్లలు

నేను అండమాన్‌లోని మాయాబందర్‌కి కోడలిగా వచ్చేనాటికి మా అత్త పందులు పెంచుతోంది. మామ పోయాక ఆ ఇల్లు నిలబడింది వాటి మీదే. మా ఆయన జెట్టీలో సరుకు దించే పనికి పొద్దున్నే పోయేవాడు. క్రిస్మస్ వచ్చిందంటే మా తెలుగు చర్చి వాళ్లందరూ మాంసానికి అత్త దగ్గరికే వచ్చేవారు.

ఎదిగే పందిపిల్లల తిండి విషయంలో ఆవిడ ఎవరి మాటా వినేది కాదు. కర్రపెండలం దుంప మెత్తగా ఉడకబెట్టి, తవుడు, కొబ్బరినూనె తీశాక మిగిలిన చెక్క కలిపి, చిలగడదుంప తీగలు తరిగి వేసేది. దుంప పచ్చిగా పెడితే విషమని ఉడికేదాకా పొయ్యి దగ్గరే కూర్చునేది. పందికి మనలా చెమట పట్టదు. ఎండెక్కాక మేత ముట్టదు. అందుకని పొద్దున్నే ఒకసారి, సాయంత్రం చల్లబడ్డాక ఒకసారి పెట్టేది. మధ్యాహ్నం పందుల సాలలో నీళ్లు చల్లి బురద చేసేది.

నాకు పాప పుట్టిన ఏడాదే అత్తకి మోకాళ్లు వాచి మంచం పట్టింది. పాలు మానిన ఆరు పందిపిల్లలు నా చేతికొచ్చాయి. సరిగ్గా అప్పుడే ఎండలు ముదిరాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి తవుడు, చెక్క తెచ్చే ఓడ వారం వారం ఇదిగో అదిగో అంటూ రాలేదు. నేను వట్టి దుంపే ఉడికించి పెట్టాను. నెల తిరిగేసరికి పిల్లలకి పొట్టలు ఉబ్బాయి, వెన్నెముకలు పైకి తేలాయి, వెంట్రుకలు కొబ్బరిపీచులా బిరుసెక్కాయి.

పశువుల కాంపౌండర్ రాంచీ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఆయన వచ్చి చూసి, దుంపతో కడుపు నిండుతుంది గానీ కండ పట్టదన్నాడు. ఎదిగే వయసులో చెక్కయినా చేపయినా పడకపోతే ఇవి ఇంతే ఉండిపోతాయన్నాడు.

మా వెనక ఇంట్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపలవాళ్లు ఉండేవారు. ఆ ఇంటావిడని అక్కా అని పిలిచేదాన్ని. నా కాన్పుకి పథ్యం వండి తెచ్చింది ఆవిడే. నేను అడగ్గానే ఎండుచేపల అడుగున మిగిలిన తలలు, తునకలు ఒక గోనెసంచి నిండా ఇచ్చింది. ఉప్పులో ఊరిన సరుకు కాబట్టి రెండు మూడు నీళ్లలో కడిగి కొంచెమే కలపమనీ, తాగడానికి నీళ్లు మాత్రం ఎప్పుడూ తొట్టిలో ఉండాలనీ మరీ మరీ చెప్పింది.

వారం రోజులు అలాగే చేశాను. పిల్లలు తొట్టి నాకి నాకి తిన్నాయి. వాటి కళ్లలో చురుకు వచ్చింది. అత్త మంచం మీద నుంచే వాటి అరుపులు విని తృప్తిపడింది.

తరువాత బావి అడుగంటింది. వీధి కుళాయికి రెండు రోజులకోసారి నీళ్లు, అవీ ఇంటికి నాలుగు బిందెలు. పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. గుడ్డలు ఉతకడానికే నీళ్లు చాలలేదు. ముందు చేప కడగడం మానేశాను. తరువాత తొట్టిలో నీళ్లు పోయడం మానేశాను. ఉడికిన మేతలో తడి ఉంది కదా అనుకున్నాను. రెండు రోజులు అలాగే అనుకుంటూ గడిపాను.

మూడో రోజు పొద్దున్న సాలకి వెళితే ఒక పిల్ల గుండ్రంగా తిరుగుతోంది. ఇంకొకటి తల గుంజకి ఆనించి, గుంజని తోసుకుంటూ నిలబడింది. మరో రెండు పిల్లలు కుక్కల్లా వెనక కాళ్ల మీద కూర్చుని, మెడలు వెనక్కి విరుచుకుని కొట్టుకుంటున్నాయి. ముఖం ముందు చెయ్యి ఆడించినా కళ్లు కదలలేదు. నాకు వెంటనే అర్థమైంది. ఇంట్లో ఉన్న బిందెలు రెండూ తెచ్చి తొట్టిలో కుమ్మరించాను. తాగగలిగినవి మూతులు ముంచి ఆగకుండా తాగాయి.

కాంపౌండర్ వచ్చేసరికి మూడు చచ్చిపోయాయి. ఉప్పు మెదడుకెక్కిందన్నాడు. ఇలాంటప్పుడు ఒక్కసారే నీళ్లు తాగిస్తే ఇంకా ప్రమాదమనీ, గుక్కెడు గుక్కెడుగా పట్టాలనీ అన్నాడు. తడిసిన తొట్టి వైపు చూసి అడిగాడు.

“దీదీ, రోజూ పానీ పెట్టావా?”

అత్త లోపల్నుంచి వింటోంది. “పెట్టాను భయ్యా” అన్నాను.

“అయితే చేపలోనే ఏదో గడ్‌బడ్ ఉంది” అని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఇంకో రెండు పోయాయి. మా ఆయన పెరట్లో గొయ్యి తవ్వాడు. వీధంతా ఒకటే మాట అయింది, చేపలవాళ్లు చెడిపోయిన సరుకు అంటగట్టారని. మర్నాడు అక్క మా గుమ్మం దాకా వచ్చింది, లోపలికి రాలేదు.

“మా సేప తిని సచ్చిపోనాయంటన్నారు సెల్లీ. నీకేటి సెప్పి ఇచ్చినాను నాను?”

పాపని భుజం మీద వేసుకుని నేల చూశాను. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ రాత్రి అన్నం పెడుతూ అత్తకి నిజం చెప్పేశాను.

“తెలుసు” అంది అత్త. “రెండ్రోజులు తొట్లో నీళ్లు పడిన సప్పుడు నాకు ఇనబడలేదు. పసిదాని కోసం వాడినావు. నిన్నేటీ అనను. ఎల్లి ఆ ఎనకింటి మనిషికి మాత్రం సెప్పు.”

రేపు వెళదామనుకున్నాను. పాపకి నయమయ్యాక వెళదామనుకున్నాను. వీధి మాట వల్ల అక్క దగ్గర ఎండుచేప కొనడం అందరూ మానేశారు. నెల తిరక్కుండా వాళ్లు పడవతో సహా పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వెళ్లిపోయారు. వెళ్లే రోజు నేను కిటికీ లోంచి చూశాను. అప్పుడైనా బయటికి వెళ్లలేదు.

మిగిలిన ఒక్క పందిపిల్లకి చూపు పోయింది. అత్త కర్ర పట్టుకుని లేచి వెళ్లి, దాని మూతి దగ్గర చేత్తో మేత పెట్టేది. అది ఎదగలేదు. వానలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున్న సాలలో చచ్చి పడి ఉంది. అత్త మళ్లీ పందుల మాట ఎత్తలేదు. నన్నూ ఎప్పుడూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

తరువాత పాప వైద్యానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లినప్పుడు జంగ్లీఘాట్‌లో చేపలు దించే చోట అక్క గురించి వాకబు చేశాను. ఆ కుటుంబం రేవుకి అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ వెళ్లిందని ఒకరు, మెయిన్‌ల్యాండ్ తిరిగి వెళ్లిపోయిందని ఇంకొకరు చెప్పారు. ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్లి సాయంత్రం దాకా ఇళ్ల వెంట తిరిగాను. అక్కడ ఆవిడ ఎవరికీ తెలియదు.