సప్తమి సాయంత్రం చేతుల వరుస

చిత్తూరులో నేను పనిచేసే ఆడపిల్లల హైస్కూల్లో, పొద్దున ప్రార్థన అయ్యాక ‘ఈ రోజు విశేషం’ చెప్పడం నా పని. సోషల్ టీచర్ని కదా అని చేరిన కొత్తలోనే నాకు అంటగట్టారు. మొదట్లో విసుక్కున్నాను. రానురాను అది లేకపోతే పొద్దున కాఫీ తాగనట్టు ఉండేది. మూడు సంగతులు చెప్పాలి. ఇవాళ తిథి ఏమిటి, ఇదే తారీఖున మన దేశంలో ఏం జరిగింది, ప్రపంచంలో ఏం జరిగింది. చివరి రెండూ పుస్తకాలు తిరగేసి రాసుకునేదాన్ని. మొదటిది మాత్రం మా అత్త చెప్పాల్సిందే.

మా అత్త పుట్టిల్లు పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఊరు. ఆమెకు చదువు రాదు, పంచాంగం ముట్టుకోదు. అయినా నిద్రలో లేపి అడిగినా తిథి తప్పకుండా చెబుతుంది. వాళ్ల నాయన పడవ ఎప్పుడు తియ్యాలో, వల ఎక్కడ వెయ్యాలో అంతా చంద్రుణ్ణి బట్టే. అమావాస్యకీ పున్నమికీ సముద్రపు పోటు ఎక్కువ, మధ్యలో తక్కువ. చిన్నప్పుడు ఒడ్డున కూచుని నేర్చుకున్న ఆ లెక్క, పెళ్లై చిత్తూరు వచ్చి నలభై ఏళ్లయినా ఆమెలో అలాగే నడుస్తూ ఉంది.

రెండువేల ఇరవై మూడు, ఆగస్టు ఇరవై మూడు. బుధవారం. వంటింట్లో దోసె తిప్పుతూ అడిగాను.

“అత్తా, ఈ పొద్దు ఏం తిథి?”

“శ్రావణ సప్తమి. నిజ శ్రావణం. ఈ యేడు రెండు శ్రావణాలు గదా, పిల్లోళ్లకు అది గూడా సెప్పు.”

“సాయంత్రం ఆరు గంటలకు మనవాళ్లు చంద్రుడి మీద దిగుతారు. మంచిదేనా?”

ఆమె వేళ్ల కణుపులు లెక్కపెట్టింది. “సప్తమి, అష్టమి రోజుల్లో నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. పోటు పొగురు సూపించదు. పడవైనా దిగేదానికి అనువే. రాహుకాలం మద్దేన్నమే అయిపోతాది. దిగమను.”

అనుమతి ఇవ్వడానికి ఆమెకు కొంత హక్కు ఉందనే చెప్పాలి. నలభై రోజుల కిందట ఆ నౌకను మోసుకుని రాకెట్టు లేచింది వాళ్ల ఊరి పక్కనుంచే. రాకెట్టు వదిలే రోజుల్లో పడవలు నీళ్లలోకి పోకూడదు. ఆమె చిన్నప్పటి నుంచి ఆ ఊళ్లో ఎన్ని రోజులు వలలు ఆరేసుకుని కూచున్నారో. అందుకని ప్రతి రాకెట్టూ తమ ఇంటి నుంచి సాగనంపిన పెళ్లికూతురే ఆమెకు.

ఆ ఉదయం నాకు చెప్పడానికి చాలా ఉండింది. ఇదే రోజున, రెండు వందల ఏళ్ల వెనక, ఎక్కడో సముద్రంలో ఒక దీవిలో చెరకు తోటల బానిసలు తిరగబడ్డారని చెప్పాను. మా పిల్లల్లో సగం మంది చెరకు, బెల్లం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. వెనక వరుసల వాళ్లు కూడా మెడలు చాచారు. పంతొమ్మిది వందల అరవై ఆరులో ఇదే తారీఖున చంద్రుడి దగ్గర నుంచి భూమిని మొదటిసారి ఫొటో తీశారన్నాను. ఎనభై తొమ్మిదిలో మూడు చిన్న దేశాల జనం స్వేచ్ఛ కావాలని చేయీ చేయీ పట్టుకుని, ఇక్కడి నుంచి హైదరాబాదు దాకా ఉండేంత దూరం నిలబడ్డారన్నాను.

తొమ్మిదో తరగతిలో ఒక పొడుగు పిల్ల ఉండేది. పలమనేరు రోడ్డు మీద పల్లె. ప్రతిదానికీ ప్రశ్న వేయందే ఊరుకోదు. చెయ్యెత్తింది.

“టీచర్, అంత దూరం చేతులు పట్టుకోని నిలబడినారు గదా. మధ్యలో ఎవురికన్నా ముక్కు దురద పుడితే ఏం చేసినారు?”

గ్రౌండంతా నవ్వు. “పక్కవాళ్లు గోకి ఉంటారు” అన్నాను. ఇప్పటికీ నాకు అంతకన్నా మంచి జవాబు తెలియదు.

సాయంత్రం పిల్లలందరికీ ఆ దిగడం చూపించాలని మా హెడ్మిస్ట్రెస్ పట్టుబట్టారు. రెండు వందల మందికి పైగా ఉండిపోయారు. పెళ్లి వీడియోలు తీసే ఒకాయన దగ్గర ప్రొజెక్టర్ అడిగి తెచ్చాం. వరండా గోడకు తెల్ల దుప్పటి కట్టాం. సరిగ్గా ఐదూ ముప్పావుకి ప్రొజెక్టర్ ‘టప్’మంది. బల్బు పోయింది. ఆ వేళప్పుడు ఇంకో బల్బు ఎక్కడ దొరుకుతుంది? టీచర్లం ఫోన్లు తీశాం. అందరూ ఒక్కసారే చూస్తున్నారేమో, ప్రతి ఫోన్లోనూ చక్రం తిరగడం తప్ప బొమ్మ కదలలేదు.

మిగిలింది మేడ మీద స్టాఫ్‌రూమ్‌లో పాత టీవీ. నలభై మంది కూచుంటే గాలాడని గది. చిన్న పిల్లల్ని అక్కడికి పంపారు హెడ్మిస్ట్రెస్. మిగతావాళ్ల ముఖాలు చూడలేకపోయాను. కొందరు ఇంటికి బయలుదేరడానికి సంచులు తీసుకుంటున్నారు.

అప్పుడు ఆ పొడుగు పిల్ల నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. “టీచర్, పొద్దున మీరే చెప్పినారు గదా చేతులు పట్టుకున్నేది. మనమూ అట్లే నిలబడదాం. పైన ఏం జరిగితే అది ఒకరి నుంచి ఒకరికి చెప్పుకుంటా రావచ్చు గదా!”

పది నిమిషాల్లో వరుస తయారైంది. స్టాఫ్‌రూమ్ గుమ్మం నుంచి మెట్ల మీదుగా కిందికి, వరండా పొడుగునా, గ్రౌండు చుట్టి గేటు దాకా. గుమ్మంలో మా ఉర్దూ టీచర్ నిలబడింది. ఆమెదీ నాదీ ఒకేసారి వచ్చిన ఉద్యోగం, ఒకే డబ్బాలో తినే స్నేహం. టీవీలో చెప్పేది విని వరుసలో మొదటి పిల్లకు అందించే పని ఆమెది. నేను గేటు దగ్గర చివర నిలబడ్డాను. అప్పుడే మా అత్త వచ్చింది, నేను ఇంటికి రాలేదని వెతుక్కుంటూ. ఆమెను కూడా లాగి నా పక్కన నిలబెట్టాను.

హెడ్మిస్ట్రెస్ పైనుంచి షరతు పెట్టారు. “మామూలు కబుర్లు నోటితో చెప్పుకోండి. దిగితే మాత్రం ఎవరూ అరవకూడదు. పక్కవాళ్ల చెయ్యి రెండుసార్లు నొక్కండి. చివరి చేతిదాకా పోయినాకే కేకలు.”

కబుర్లు రావడం మొదలైంది. మొదటిది, “ఎనిమిది వందల మంది ఉండారంట!”

మా అత్త అదిరిపడింది. “అంతమంది పైకి యాడ పోయినారు?”

తర్వాత తెలిసింది, పైనుంచి బయలుదేరింది “ఇంక ఎనిమిది వందల మీటర్లు ఉండాది” అని. మెట్ల మలుపులో ఎక్కడో మీటర్లు మనుషులయ్యాయి.

రెండోది ఇంకా బాగా వచ్చింది. మా ఉర్దూ టీచర్ ఆత్రంలో సొంత భాషలోకి పోయి “ధీమా హో గయా” అంది. వేగం తగ్గిందని. మెట్ల మీద ఉర్దూ మీడియం పిల్లలు అలాగే అందించారు. వరండాలో తెలుగు పిల్లల చెవికి ధీమా అంటే ధైర్యమే కదా. గేటు దగ్గరికి వచ్చేసరికి, “ధీమాగా ఉండాదంట, భయం లేదంట!” అని చేరింది.

“అట్లనే ఉండాల” అంది మా అత్త తృప్తిగా. “మా పక్కనుంచి పోయింది గదా.”

తర్వాత కబుర్లు ఆగిపోయాయి. రోడ్డు మీద బస్సు హారన్లు, కాకుల అరుపులు. తలెత్తితే మేఘాల సందులో సగం చంద్రుడు పాలిపోయినట్టు కనిపిస్తున్నాడు. ఇంకా వెలుతురు ఉంది. నా ఎడమ చేతిలో ఏడో తరగతి పిల్ల అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. ఏం జరుగుతోందో తెలియదు. ఎన్నేళ్లుగానో జరిగిపోయినవి చదివి చెప్పేదాన్ని. జరుగుతున్నదాని కోసం అలా ఊపిరి బిగబట్టడం నాకు కొత్త.

మేడ మీద రెండు మూడు చిన్న కేకలు జారాయి. వెంటనే ఎవరో నోళ్లు మూశారు. మెట్ల వైపు చూశాను. పై మెట్టు మీద పిల్ల భుజాలు ఎగిరాయి. తర్వాత కింది మెట్టు పిల్లవి. వరండాలో ఒక్కొక్క ముఖమూ వెలుగుతోంది, ఒక్కొక్క నోరూ గట్టిగా మూసుకుంటోంది. నవ్వు ఆపుకోలేక కొందరు వంగిపోతున్నారు. ఆ వెలుగు గ్రౌండు చుట్టి మా వైపు వస్తోంది. పొడుగు పిల్లను దాటింది. నా పక్క పిల్ల దాకా వచ్చింది. ఆ పిల్ల నా చెయ్యి రెండుసార్లు నొక్కింది.

నేను మా అత్త చెయ్యి నొక్కాను. రెండుసార్లు.

ఆమె తన రెండో చేతి వైపు చూసుకుంది. “ఇప్పుడు నేనెవురికి ఇయ్యాల?”

“ఇంగెవురూ లేరత్తా. నీతో అయిపోయింది.”

“అంటే, దిగినట్టేనా?”

“దిగినట్టే!”

ఇక ఆ అరుపులు! పిల్లలు గంతులు వేస్తున్నారు, ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఉర్దూ టీచర్ మెట్ల మీద నుంచి పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకుంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, నావీ అంతే. ఆ దృశ్యాన్ని టీవీలో నేను మర్నాడు చూశాను. బాగానే ఉంది. కానీ నాకు తెలిసిన దిగడం నా చేతిలోకి వచ్చిన ఆ రెండు నొక్కులే.

ఆలస్యమైందని తల్లులూ తండ్రులూ ఒక్కొక్కరే గేటు దగ్గరికి రావడం మొదలెట్టారు. పొడుగు పిల్ల వాళ్ల నాయన పాల క్యాన్లు కట్టిన బండి మీద వచ్చాడు. ముఖం ధుమధుమలాడుతోంది. “ఏందమ్మా టీచరమ్మా, బస్సు పోయి ఎంతసేపైందో తెలుసునా? ఆడ పాలు పితికేదానికి మనిషి లేక నేను అల్లాడతా ఉండాను.”

తప్పు నాదేనన్నాను. అంతలో కూతురు మధ్యలోకి వచ్చింది. “నాయనా, మనోళ్లు దిగినారు. అదో, సూడు.”

ఆయన అయిష్టంగానే తలెత్తాడు. మేఘాల మధ్య చంద్రుణ్ణి వెతికి పట్టుకున్నాడు. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

“ఏ పక్క దిగినాది?”

“కింద పక్క. దక్షిణం.”

“ఆడ సీకటి గదా?”

“దిగిన కాడ ఇప్పుడే తెల్లారిందంట నాయనా. పద్నాలుగు దినాలు పగలే.”

“పద్నాలుగు దినాలు పగలా! మరి ఆవుల్ని ఎప్పుడు పితుకుతారు?” అన్నాడాయన, నిజంగానే ఆలోచిస్తూ. మా అత్త పకపకా నవ్వింది. ఆయనా నవ్వేశాడు. అదే దారిలో పోవాల్సిన ఇంకో చిన్న పిల్లను కూడా బండి ఎక్కించుకున్నాడు. ఖాళీ క్యాన్లు గలగలమంటుంటే, వెనక కూచున్న కూతురు చెయ్యి ఆకాశం వైపు చూపిస్తూ ఇంకా ఏదో వివరిస్తూనే వెళ్లింది.