నా తాళం నా గుప్పిట్లోనే

నేను వేమూరులో టీచర్ని. పోయినేడు ఓ పొద్దున తెనాలి నుంచి స్కూటీ మీద బడికి వెళ్తుంటే, దారిలో కానిస్టేబుల్ ఆపి తాళం లాగేసుకున్నాడు. లైసెన్సు అడిగితే ఫోన్లో, ప్రభుత్వ యాప్‌లో ఉన్నది చూపించాను.

"ఫోన్లోది చెల్లదమ్మా, కార్డు కావాలి" అన్నాడు.

"చెల్లుతుందండి. తప్పుంటే చలానా రాయండి. తాళం లాక్కునే హక్కు మాత్రం మీకు లేదు" అన్నాను.

"అయితే ఇక్కడే కూర్చో."

కూర్చున్నాను. స్కూటీ సీటు మీదే పిల్లల పరీక్ష పేపర్లు తీసి దిద్దడం మొదలెట్టాను. జనం మూగారు. "టీచరుగారు ఏం తప్పు చేశారు బాబూ?" అని ఓ పెద్దాయన అడిగాడు. తొమ్మిదో పేపరు దిద్దుతుండగా కానిస్టేబుల్ తాళం తెచ్చి నా చేతికిచ్చాడు.

ఇప్పుడు ఎవరు ఆపినా ముందు తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంటాను. నమస్కారం ఆ తర్వాతే.