మిడత వంశం

మా మేనమామ మువిరిమి ఏ యంత్రాన్నయినా ముట్టుకునే ముందు దాని వంశమేమిటో కనుక్కునేవాడు. మనుషుల్లో అయితే ఇది మామూలే. మా రుసాపే ఊళ్ళో ఎవరికి కృతజ్ఞత చెప్పినా వాళ్ళ వంశపు జంతువు పేరు పెట్టి చెబుతాం. సింహం వాళ్ళు, ఏనుగు వాళ్ళు, కోతి వాళ్ళు, ఇలా తండ్రి నుంచి బిడ్డకు వస్తుంది. ఒకే వంశంలో పెళ్ళిళ్ళు చేసుకోం. ఈ మర్యాదంతా మామ రేడియోలకీ ఇస్త్రీ పెట్టెలకీ కూడా చేసేవాడు.

ఒకసారి పిండిమర ఆగిపోయింది. మొక్కజొన్నల గంపలతో జనం బారులు తీరారు. మామ మర ముందు గొంతుక్కూర్చుని, మెల్లగా చప్పట్లు చరిచి, "అయ్యా, తమరిది ఏ వంశం?" అని గరాటుకు చెవి ఆనించాడు.

మర నడిపే చెంగెటాయి వాళ్ళమ్మకు ఒళ్ళు మండింది. "నువ్వు బాగు చెయ్యడానికొచ్చావా, సంబంధం మాట్లాడ్డానికొచ్చావా?"

"ఎవరేమిటో అడక్కుండా ఎదుటివాడి పొట్టలో చెయ్యి పెడతామా అమ్మా? ఉండు. ఆఁ, ఏనుగట. అందుకే ఇంత తిండి." బెల్టు బిగించాడు. మర తిరిగింది. "మేలు చేశావు, ఏనుగా" అని మరకు దండం పెట్టి, ఆవిడకు ఒక్క ముక్క కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మేనల్లుణ్ణి కాబట్టి ఆయన్ని ఎంత ఆటపట్టించినా నాకు చెల్లు. "మామా, నీ బుర్రది ఏ వంశమో ఎప్పుడైనా అడిగావా?" అన్నాను.

"అడిగాను. ముందు నీది ఎక్కడుందో వెతుక్కోమంది" అన్నాడు.

నేను పనిచేసే బడిలో శనివారాలు ఆయన పిల్లలకు యంత్రాలు నేర్పేవాడు. ఆ ఏడు, తల్లిదండ్రులంతా బడికి వచ్చే పెద్దల దినానికి, బొమ్మలు గీసే రోబో చేద్దామన్నాడు. మార్గరీన్ డబ్బా బోర్లించి, చుట్టూ మూడు స్కెచ్ పెన్నులు కాళ్ళలా టేపుతో అంటించారు. పైన పాత క్యాసెట్ ప్లేయర్ మోటారు, దాని ఇరుసుకు రబ్బరు ముక్క, పక్కన రెండు బ్యాటరీలు. అంతే రోబో.

తీగ కలపబోతుంటే మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "మోటారు సింహం. బ్యాటరీలూ సింహమే. అన్నాచెల్లెళ్ళకు ముడి పెడతారట్రా?"

పిల్లలు నాలుకలు కరుచుకున్నారు. లెర్న్‌మోర్ అనే కుర్రాడు పరుగెత్తుకెళ్ళి, కోతి వంశం వాళ్ళను బతిమాలి వాళ్ళ టార్చిలైటులోని కొత్త బ్యాటరీలు తెచ్చాడు. మోటారు గిర్రుమంది.

"చూశావా" అన్నాడు మామ నాతో.

"పాతవి అయిపోయాయి మామా."

"ఒకే వంశంలో సంబంధం చేస్తే అయిపోక ఏమవుతాయి?"

మోటారు తిరిగింది గానీ డబ్బా కదల్లేదు. లెర్న్‌మోర్ రబ్బరును సరిగ్గా నడిమధ్యలో గుచ్చాడు మరి. సెకాయి అనే పిల్ల దాన్ని ఒక పక్కకు లాగి గుచ్చింది. బరువు ఒకవైపు పడేసరికి డబ్బా వణికింది, గెంతింది, కాగితం మీద మెలికలు మెలికలుగా సున్నాలు చుట్టింది. ఎంత పక్కకు గుచ్చాలో ఆ పిల్ల వేళ్ళకే తెలుసు. మిగతావాళ్ళు గుచ్చితే బోర్లా పడేది.

"మేలు చేశావు, సింహమా" అన్నాడు మామ. మోటారుతో అన్నాడు. సెకాయి వైపు చూడనైనా లేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది.

చిక్కంతా పెద్దల దినం దగ్గరే ఉంది. కిందటేడు పరుగు పందెంలో సెకాయే మొదట వచ్చింది. వచ్చి, గీత దాటి, గేటు దాటి, అదే ఊపులో ఇంటికి పోయింది. గీత దగ్గర హెడ్‌మిస్ట్రెస్ మహాచి గారు మైకు పట్టుకుని "ఏ వంశమమ్మా?" అని అడగడానికి నిలబడి ఉన్నారు. సెకాయికి వంశం లేదు. తండ్రెవరో తల్లి చెప్పకుండానే చనిపోయింది. అమ్మమ్మకూ తెలియదు. ఈసారి ఆ పిల్ల వేదిక ఎక్కకపోతే రోబో నడవదు. ఎక్కితే ఆ ప్రశ్న తప్పదు.

ఎక్కింది. రబ్బరు గుచ్చి, తీగ కలిపింది. డబ్బా పెద్ద కాగితమంతా గెంతుతూ ఎర్రటి, నీలం, ఆకుపచ్చ సున్నాలు చుట్టేసింది. తల్లులు సంబరంగా నాలుకలాడిస్తూ ఉలూలూ అన్నారు. మహాచి గారు మైకు అందుకున్నారు. "శభాష్. నువ్వు ఏ వంశమమ్మా, అందరం కృతజ్ఞత చెబుతాం?"

సెకాయి గేటు వైపు చూసింది.

"అమ్మా, బొమ్మ గీసింది అది గదా" అని వెనక నుంచి మామ గొంతు వినిపించింది. "ముందు దాన్ని అడగడం మర్యాద."

జనం గొల్లుమన్నారు. మామ సంగతి అందరికీ తెలిసిందే. మహాచి గారు నవ్వాపుకుంటూ డబ్బా ముందు వంగి, "తమరిది ఏ వంశమండీ?" అని మైకు పెట్టారు. అందరం మామ వైపు తిరిగాం. ఆయన చెవి చూపించుకున్నాడు. "నాకు ఇక్కడికి వినపడదు. చేసిన మనిషే చెప్పాలి."

సెకాయి డబ్బా కాళ్ళ వైపు చూసింది. "మిడత" అంది.

"మిడత వంశం మేమెప్పుడూ వినలేదే. దీని తాతలెవరు?" అన్నారు మహాచి గారు.

"ఎవరూ లేరు. ఈ వంశం దీంతోనే మొదలు."

"మరి నువ్వో?"

"నేనూ ఈ వంశమే."

ముందు వరుసలో చెంగెటాయి వాళ్ళమ్మ లేచి చప్పట్లు చరిచింది. "మేలు చేశావు, మిడతా. మూడు కాళ్ళదానా, గెంతిన చోటల్లా రంగులు పూయించేదానా." ఆ క్షణంలో అల్లిన స్తోత్రమది. బడి మొత్తం అందుకుని, "మేలు చేశావు, మిడతా" అంది. ఈసారి ఎవరూ డబ్బా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం మామను నిలదీశాను. "నిజం చెప్పు. ఈ వంశాల పిచ్చి నీకు ఎప్పటి నుంచి?"

"ఆ పిల్ల నా శనివారం తరగతికి వచ్చిన వారం నుంచి. అంతకుముందు యంత్రాలను బూతులు తిట్టేవాణ్ణి, నీకు గుర్తులేదా? మెచ్చుకోళ్ళన్నీ యంత్రాలకే పోతే ఇక ఏ పిల్లనీ వంశం అడగాల్సిన పని ఉండదు."

"ఊళ్ళో పిండిమర దగ్గర కూడా ఎందుకు మామా?"

"ఒక్క తరగతిలోనే చేస్తే అనుమానం రాదూ? పిచ్చి నటిస్తే నమ్మేలా ఉండాలి."

సెకాయి వాళ్ళ ఇల్లు బడి వెనక వీధిలోనే. అయినా ఆ రోజు ఆ పిల్ల రోబోకు ఇచ్చిన బహుమతి చంకన పెట్టుకుని, లెర్న్‌మోర్ చేత రోబో మోయించుకుంటూ, బజారు మీదుగా, బస్టాండు మీదుగా, నింపాదిగా ఇంటికి వెళ్ళింది. "మిడతా" అని తనను పలకరించడం మరిచిపోయిన దుకాణాల ముందు రెండోసారి కూడా నడిచింది.