నా మగ్గం యాడ?

"మామ పోయినాడు" అని ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వస్తే నేను వెంటనే నమ్మలేదు. "ఫోన్‌లో సెప్పింది నమ్మొద్దు పాపా, కండ్లతో సూడు" అని నేర్పింది ఆయనే కదా! ఆదోనిలో బస్సెక్కి వెళ్ళి, ముఖం చూశాకే ఏడ్చాను.

మా మేనమామ నేతగాడు. అనుమానంలో ఆయన ముందు ఎవరైనా దిగదుడుపే. నేను కాఫీ ఇచ్చినా "ముందు నువ్వు తాగు" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. అయినా, చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే ఒక డాక్టరు మాట నమ్మక ఇంకో డాక్టరు దగ్గరికి నన్ను భుజాన వేసుకుని తిరిగిందీ ఆయనే.

అత్త పోయాక ఆమె గొంతు ఒక్క క్యాసెట్‌లోనే మిగిలింది. మగ్గానికి నూలు కండెలు చుడుతూ పాడుకుంటుంటే చిన్నప్పుడు నేనే ఆటకు రికార్డు చేశాను. టేపు అరిగిపోతోందని పోయినేడు దాన్ని ఫోన్‌లోకి ఎక్కించాను. ఫోన్‌లోని అంకెలను శబ్దంగా మార్చే డాక్ అనే చిన్న డబ్బా కొని, మామ పాత యాంప్లిఫయరుకు కలిపాను. రెండు చరణాలు విని ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇది మీ అత్త కాదు. ఇప్పుడు గొంతులు గూడా తయారు సేస్తాండారంట. ఎవరు అంటగట్టినారు నీకు?"

"అయ్యో మామా, అదే క్యాసెట్!"

"అదే అయితే నా మగ్గం యాడ?"

నిజమే. పాట వెనక ఆయన మగ్గం చప్పుడు ఉండాలి, లేదు. అత్త గొంతు కూడా పల్చబడిపోయింది. ఉన్న ఒక్క గొంతునూ నేను పోగొట్టానని ఆయన నాతో సరిగా మాట్లాడడం మానేశాడు.

ఆదోనిలో రిపేరు షాపాయన చెప్పాడు: పాత యాంప్లిఫయరు మోపే బరువును డాక్ మోయలేకపోతోందట, అందుకే మగ్గం చప్పుడు లాంటి బరువైన శబ్దాలు జారిపోతున్నాయట. రెండింటి మధ్యలో ప్రీయాంప్ బఫర్ అనే ఇంకో డబ్బా పెట్టమన్నాడు. అది పాటను మార్చదు, ఇటు తీసుకుని అటు గట్టిగా అందిస్తుంది, అంతే.

మామ ఆ డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. "నడమ ఉండేవాళ్ళు ఊరికే మోస్తారా? పత్తి దళారులను సూడలేదా? పిడికెడైనా తీయకుండా పోనియ్యరు."

డాక్ వైర్లు బఫర్‌లో పెట్టి, బఫర్ నుంచి యాంప్లిఫయరుకు కలిపాను. అత్త పాట అందుకుంది. వెనకే దడ్ దడ్ మని మగ్గం! మామ కాలు నేలను తొక్కడం మొదలుపెట్టింది. పాట మధ్యలో మగ్గం ఆగింది. "ఏమయ్యా, పోగు తెగిందా?" అని అడిగింది అత్త. క్యాసెట్‌లో జవాబు లేదు.

"తెగిందే. ఉండు, ముడేస్తాండా" అన్నాడు మామ, కుర్చీలోంచి.

మామ దినాలయ్యాక ఇంట్లో ఆ పాట పెట్టాను. మగ్గం ఆగింది. అత్త అడిగింది. అందరం మామ కుర్చీ వైపు చూశాం. కాసేపటికి మగ్గం మళ్ళీ మొదలైంది.