పండుకొమ్మన్న ఆర్డర్

లడఖ్ క్యాంపుల దిగేసరికి పొద్దున ఏడు. ఎండ కండ్లల్ల పొడుస్తున్నది, చలి ఎముకలల్ల. పన్నెండు వేల అడుగుల ఎత్తు. కిట్‌బ్యాగు దించకముందే సుబేదార్ సాబ్ చెప్పిండు: "రెండు రోజులు పండుకునుడే. పరుగు లేదు, పీటీ లేదు. గాలి పల్చగుంటది, పాణం అలవాటు పడాలె."

పరేడ్‌ల 'విశ్రామ్' అంటే కాళ్లు ఎడం పెట్టి నిలబడుడు. అసలు విశ్రామ్ నా నౌకరీల అదే మొదలు. పటేల్‌గూడల ఉన్న మా నాయనకు తెలిస్తే, ఆయన గూడ భర్తీకి దరఖాస్తు పెట్టేటోడు.

నా పక్క మంచం రేడియో ఆపరేటర్‌ది. బెటాలియన్‌ల అందరికన్న జోరుగ ఉరికేటోడు. ఈ డ్యూటీ అయిపోంగనే పరుగు టీంకు ఎంపికలు. అతని పాణమంత దానిమీదనే. రెండోనాడు లేచి చూస్తే, మంచం పక్కన నిలబడి ఉన్నకాడనే ఉరుకుతున్నడు.

"పండు భాయ్, ఆర్డర్," అన్న.

"పండుకుంటే కాళ్లు తుప్పు పడ్తయి."

"నావి పుట్టంగనే తుప్పు పట్టినయి. అయినా సర్వీసు నడుస్తలేదా?"

నవ్విండు. నవ్వు నడుమ దగ్గొచ్చింది.

సాయంత్రానికి పెదవులు నీలమైనయి. నర్సింగ్ అసిస్టెంట్ వచ్చి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టిండు, ఛాతి మీద గొట్టం ఆనించి విన్నడు. వాకీటాకీ అందుకున్నడు: "ఊపిరితిత్తులల్ల నీరు. స్ట్రెచర్ పంపుండ్రి, జల్దీ."

"ఆస్పత్రి అదే కద సాబ్," అని ఆపరేటర్ ఎదురుంగ ఉన్న రేకుల షెడ్డు చూపించిండు. "నడుస్త."

"నడిస్తే చస్తవ్. పండు."

నలుగురం మోసినం. నడుమ నడుమ దించి మేము గూడ ఊపిరి తీసుకున్నం. రాత్రంత ఆక్సిజన్ పెట్టిన్రు. తెల్లారి కిందికి పంపిన్రు. బతికిండు. ఆ ఏడాది టీంల మాత్రం అతని పేరు లేదు. పండుకున్న మేము వారం తర్వాత మూటలు మోసుకుంట కొండెక్కినం.

ఇప్పుడు పోతిరెడ్డిపల్లిల ఉంటున్న. పటాన్‌చెరుల ఒక ఫ్యాక్టరీ గేటు కాడ గార్డు పని. మా బామ్మర్ది అండ్లనే మిషన్ మీద డబల్ డ్యూటీ చేసి, సీదా జిమ్ముకు పోతడు.

"ఒక్కరోజు ఆగితే బాడీ పోతది బావా," అంటడు.

"ఆగకుంటే నిన్నే బాడీ అంటర్రా," అంట నేను.

నవ్వి బండి స్టార్ట్ చేస్తడు. అలిసిన మనిషికి ఇంకేం చెప్పాలె? నాకు మాత్రం ఆ స్ట్రెచర్ యాదికొస్తది. పట్టీలు బిగించి ఉన్నయి, కండ్లు మూతలు పడ్డయి. కంబళి కింద ఆపరేటర్ రెండు పాదాలు మాత్రం ఒకటెనుక ఒకటి ఉరుకుతనే ఉన్నయి.